అంగన్‌వాడీలు ఉండగా ప్రీస్కూల్‌కి మళ్ళీ గవర్నమెంట్ డబ్బులు ఎందుకు?

అంగన్‌వాడీలు ఊరూరా ఉన్నాయి కదా, ఇంకా ఫండ్స్ దేనికి అని అడిగారు. మా పాపని మూడేళ్ళు నిండాక మా ఊరి అంగన్‌వాడీకే పంపించాం (తెనాలి దగ్గర పల్లెటూరు మాది), పైగా మా వదిన పక్క మండలంలో అంగన్‌వాడీ టీచరు, అందుకని రెండు వైపులా తెలిసింది చెప్తున్నా.

లెక్క ప్రకారం అయితే మనకి అందరికీ ప్రీస్కూల్ ఉన్నట్టే. అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం 1975లోనే మొదలుపెట్టారు, 2006లో సుప్రీంకోర్టు ఏ వాడనీ వదలకుండా సెంటర్లు పెట్టమంది, ఇప్పుడు దేశంలో దాదాపు 14 లక్షలున్నాయి. కానీ డబ్బులు వచ్చేది ఎక్కువగా తిండికండీ. అదీ దండిగా ఏం కాదు, పిల్లకి రోజుకి 8 రూపాయలు అని 2017లో పెట్టిన రేటు, కేంద్రం సగం రాష్ట్రం సగం, ఇవాళ ఒక గుడ్డు ఎంతో మీకు తెలుసుగా.

ఇక చదువు సంగతి. సెంటర్‌కి ఒక టీచరు, ఒక ఆయా, అంతే. ఆయా వంట చూసుకుంటుంది. మా వదినేమో పిల్లల బరువు తూచాలి, అది పోషణ్ ట్రాకర్ అనే గవర్నమెంట్ యాప్‌లో ఎక్కించాలి, సిగ్నల్ రాకపోతే ఫోన్ పట్టుకుని వీధిలోకి పరిగెత్తాలి, సరుకు తీసుకోడానికొచ్చిన గర్భిణీల ముఖం ఫోటో ఆ యాప్‌లో పడేదాకా వాళ్ళని కదలొద్దమ్మా అని నిలబెట్టాలి, ఈలోపు లోపల ఇద్దరు కొట్టుకుని ఏడుస్తుంటారు. సెక్టార్ మీటింగ్ ఉన్న రోజు పాఠం ఊసే ఉండదు, ఆయా అన్నం పెట్టి పంపించేస్తుంది. జీతం కూడా కాదు, గౌరవ వేతనం, కేంద్రం లెక్కలో 2018 నుంచి నెలకి 4,500, మిగతాది రాష్ట్రం కలిపితే ఏపీలో 11,500. ఊరికే కాదు మా వదిన 2023 డిసెంబర్‌లో మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేసింది.

అలాగని అక్కడ ఏమీ నేర్పరని కాదు. మా పాప టీచరు చింతపిక్కలు కుప్ప పోసి పెద్దవి ఒక గిన్నెలో చిన్నవి ఒక గిన్నెలో వేయించి, ఏ గిన్నెలో ఎక్కువున్నాయో చెప్పమనేది, పిల్లలు దానికోసం పోటీ పడేవాళ్ళు. ఊళ్ళో సగం మందికి అది చదువులా కనపడలేదు, నాలుగేళ్ళు రాగానే కాన్వెంట్ వ్యాన్ ఎక్కించేశారు, అక్కడ ఏబీసీడీలు కాపీలు రాయిస్తారు, ఫీజు కట్టాం కాబట్టి బాగున్నట్టే.

విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకే, 3–6 పిల్లల సంగతి ప్రభుత్వాల ఇష్టానికి వదిలేశారు. 2020 విద్యా విధానంలో మూడేళ్ళ నుంచే చదువు అని రాశారు గానీ నన్నడిగితే ముందు కావాల్సింది సెంటర్‌కి ఇంకో మనిషి, యాప్ ముట్టుకోకుండా పిల్లలతో మాత్రమే ఉండే టీచరు. కొత్త బిల్డింగులు, గోడల మీద బొమ్మలు తర్వాత.

మీ పిల్లల్ని పంపే ఆలోచన ఉంటే చెప్పకుండా పొద్దున పదిన్నర ప్రాంతంలో వెళ్ళి ఓ అరగంట కూర్చోండి, పిల్లలు ఏదో ఒకటి చేస్తూ కనిపిస్తే ధైర్యంగా చేర్చండి.