సరస్వతాకు సారం మనసుకి నెమ్మదినిస్తుందని ల్యాబ్‌లో ఎలా తేల్చాలి?

అమలాపురంలో బీఫార్మసీ చదువుతున్న తమ్ముడు అడిగినవి రెండు: ప్రాజెక్టులో సరస్వతాకు సారాన్ని చుంచెలుకల మీద ఎలా పరీక్షించాలి, పరీక్షలంటే భయపడే చెల్లికి ఆ సారం ఇవ్వొచ్చా అని. ఎంఫార్మసీలో నేను చేసిందీ ఇదే.

ముందు ఆకు దగ్గరే దెబ్బ తిన్నాను. శ్రావణమాసంలో రాజోలు వైపు కాలవగట్టున గోనెడు కోయించి నీడలో ఆరేశా. మూడోనాటికి బూజు! కోనసీమ ముసురులో నీడన ఏదీ ఆరదు. మళ్ళీ మాఘంలో కోసుకున్నా. బ్రాహ్మి అని కొట్లో కొనకు, ఆ పేరుతో నీటిసాంబ్రాణి అనే వేరే మొక్కని కూడా అమ్ముతారు. కోసిన తీగని బోటనీ మాస్టారికి చూపించి హెర్బేరియం షీటు (ఎండబెట్టిన మొక్కని పేరుతో సహా అతికించిన కాగితం) చేయించు. జంతువుల వాడకానికి ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే ఉండాలి.

ఇథనాల్‌తో సాక్స్‌లెట్‌లో (ద్రావకాన్ని మరిగిస్తూ సారం లాగే గాజు పరికరం) సారం తీయడం పెద్ద పనేం కాదు. తలనొప్పంతా ప్లస్ మేజ్‌తోనే. నేలకి ఎత్తుగా, కూడిక గుర్తులా నాలుగు దారులు. రెండింటికి గోడలుంటాయి, రెండు బట్టబయలు. చుంచుని మధ్యలో వదిలి 5 నిమిషాలు చూస్తాం. బెదురుంటే గోడల చాటునే నక్కుతుంది. ఆందోళన తగ్గించే డయాజెపామ్ మందు ఇచ్చిన చుంచు బయటి దారుల్లోకీ ధైర్యంగా వస్తుంది. సారాన్ని దాంతోనే పోల్చాలి.

ఎక్కువ మోతాదు ఇచ్చిన గుంపులో ఒకటి బయటి దారి చివర ముడుచుకుని అలాగే కూర్చుంది. బయట గడిపిన టైము చూసి నేను ఒకటే సంబరం. మా గైడు వచ్చి తోక దగ్గర వేలితో తట్టారు. అది ఉలకలేదు, పలకలేదు. "ఇది నెమ్మది కాదమ్మా, మత్తు" అన్నారు. కదలికల్ని లెక్కపెట్టే యాక్టోఫోటోమీటర్‌లో పెడితే నిజమే, కదలికలు బాగా పడిపోయాయి. నెమ్మదించిన చుంచు తిరుగుతుంది, మత్తెక్కింది తిరగదు. అందుకే గోడల దారుల్లోకి ఎన్నిసార్లు వెళ్ళిందో కూడా రాసుకో, రోటారాడ్ అనే తిరిగే కడ్డీ మీద కూడా నిలబెట్టి పడిపోతుందేమో చూడు. ఒక్కో చుంచు దిగాక మేజ్‌ని స్పిరిట్ గుడ్డతో తుడవాలి. లేకపోతే ముందు దిగిన చుంచు వాసనకే తర్వాతది బెదురుతుంది. దేనికి ఏ మందు ఇచ్చారో లెక్కపెట్టేవాడికి తెలియకూడదు.

ఇక చెల్లి సంగతి. 2000లో వచ్చిన ఒక అధ్యయనంలో 40 మంది ఆరోగ్యవంతులతో పనిచేశారు. ఈ ఆకు 12 గ్రాములు తీసుకున్నవాళ్ళు హఠాత్తుగా వచ్చే చప్పుడుకి తక్కువ ఉలిక్కిపడ్డారు. ఉలికిపాటు వేరు, పరీక్షల భయం వేరు. మా అమ్మమ్మ చేసినట్టు పచ్చడి చేసి పెట్టు, హాయిగా తింటుంది. ల్యాబ్‌లో తీసిన సారం మాత్రం వద్దు, ఈ ఆకు మాత్రలు వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి. నిద్రమాత్రలేమైనా వాడుతుంటే డాక్టర్ని అడక్కుండా ఏదీ మొదలుపెట్టకండి.