అమెరికా వెళ్ళాక మొదటి నెలలోనే లైబ్రరీ కార్డు

సంక్రాంతికి కోనసీమ వచ్చిన ప్రతిసారీ అరుగు మీద కూర్చోగానే సందేహాల వాన మొదలవుతుంది. ఎవరింట్లో చూసినా ఒకరు అప్పటికే అమెరికాలో ఉంటారు, ఇంకొకరు వీసా స్టాంపింగ్ అయిపోయి పెట్టెలు సర్దుకుంటూ ఉంటారు. ఈసారి పాలకొల్లు నుంచి వచ్చిన మా బంధువులమ్మాయి అడిగింది. పెళ్ళయి నెల తిరగలేదు, భర్త ఉద్యోగ వీసాతోపాటు భార్యకిచ్చే హెచ్-4 వీసా మీద వెళ్తోంది. "బాబాయ్, అక్కడ నాకు ఉద్యోగం చేసే వీలు లేదంట. కారు నడపడం రాదు. ఆయన పొద్దున్న వెళ్తే చీకటి పడ్డాక గానీ రారు. రోజంతా ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలి?" పక్కనే భీమవరం కుర్రాడు, ఎమ్మెస్‌కి వెళ్తున్నవాడు. వాడిది డబ్బు బెంగ: ఖర్చు లేకుండా కోర్సులు, ప్రింటవుట్లు, చదువుకోవడానికి ప్రశాంతమైన చోటు ఎక్కడ దొరుకుతాయని.

ఇద్దరికీ ఒకటే చెప్పాను. దిగిన మొదటి నెలలోనే మీ ఊరి పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళి కార్డు తీసుకోండి అని. ఇద్దరూ నవ్వారు. లైబ్రరీ అంటే వాళ్ళకి తెలిసింది గ్రూప్స్‌కి చదివేవాళ్ళు, రిటైరైన మాస్టార్లు పేపర్లు పంచుకుని చదువుకునే గది. నవ్వినందుకు తప్పు పట్టను. కానీ గ్రంథాలయోద్యమానికి పెద్ద దిక్కయిన అయ్యంకి వెంకటరమణయ్య గారు 1890లో పుట్టింది తూర్పు గోదావరి కొంకుదురులోనే. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం పేరు వినని చదువరి ఈ జిల్లాల్లో లేడు. పక్క డెల్టాలో, కృష్ణా కాలువ మీద 1935లో పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పారు. అలాంటి నేల మీద పుట్టి, అమెరికాలో ఇంటికి నాలుగు వీధుల అవతలున్న లైబ్రరీ గడప రెండేళ్ళపాటు తొక్కనివాళ్ళు నాకు బోలెడంతమంది తెలుసు.

తొక్కకపోవడానికి పెద్ద కారణం మొహమాటం. "ఊరికే ఇస్తారంటే ఏదో ఉంటుంది", "మనం ఇక్కడివాళ్ళం కాదుగా" అనుకోవడం. నిజానికి ఊరికే ఏం కాదు. మన ఆంధ్రలో ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కట్టినట్టే, అక్కడి లైబ్రరీలు చాలావరకూ కౌంటీ, సిటీ పన్నులతో నడుస్తాయి. అద్దెకున్నా మీరు కట్టే అద్దెలో ఇంటి ఓనరు ప్రాపర్టీ ట్యాక్స్ కలిసే ఉంటుంది. మీ డబ్బుతో నడిచే చోటుకి మీరు వెళ్ళడానికి బెరుకెందుకు?

కార్డుకి రెండు కావాలి: ఫొటో ఉన్న గుర్తింపు, ఆ ఊళ్ళో ఉంటున్నట్టు ఆధారం. మొదటిదానికి పాస్‌పోర్టు చాలు. రెండోదానికి మీ పేరున్న లీజు, కరెంటు బిల్లు, బ్యాంకు ఉత్తరం, ఏదో ఒకటి. చిక్కంతా ఇక్కడే వస్తుంది. నలుగురు కుర్రాళ్ళు ఒక ఫ్లాట్‌లో ఉంటే లీజు మీద ఒకడి పేరే ఉంటుంది. భార్యాభర్తలైతే అన్నీ ఆయన పేరు మీదే ఉంటాయి. అందుకని ఇల్లు తీసుకునేటప్పుడే లీజులో మీ పేరు రాయించుకోండి, పోనీ జాయింట్ బ్యాంకు ఖాతా తెరవండి. ఆధారం ఏదీ లేదంటే కొన్ని లైబ్రరీలు మీ అడ్రసుకి ఒక పోస్టుకార్డు పంపుతాయి, అది పట్టుకెళ్తే సరిపోతుంది. వీసా ఏమిటి, ఎన్నాళ్ళుంటారు అనేవి మామూలుగా అడగరు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇంకా రాలేదని ఆగిపోవద్దు, దాంతో చాలాచోట్ల పనే లేదు.

పేరు విషయంలో ఒక్క జాగ్రత్త. మీరు ఆన్‌లైన్‌లో రిజర్వు చేసుకున్న పుస్తకాలని చాలా లైబ్రరీల్లో ఒక అలమారలో విడిగా పెడతారు. ప్రతి పుస్తకంలోనూ ఒక చీటీ, దాని మీద మీ ఇంటిపేరులోని మొదటి అక్షరాలు, కార్డులోని చివరి అంకెలు ఉంటాయి. ఎవరినీ అడగక్కర్లేదు, మీ చీటీ చూసుకుని తీసుకోవడమే. మన పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి మొత్తం పేరంతా ఒకే గడిలో ఉంటుంది. కార్డు మీద పేరు ఎలా పడిందో అప్పుడే చూసుకోండి, లేకపోతే మీ పుస్తకం ఇంకో అక్షరం దగ్గర కూర్చుని ఉంటుంది. తీసుకున్నాక సెల్ఫ్ చెకౌట్ మెషీన్. పది పుస్తకాలు దొంతరగా పెట్టినా ఒకేసారి చదివేసే మెషీన్లు చాలాచోట్ల ఉన్నాయి. రసీదు మీద తిరిగివ్వాల్సిన తేదీ వస్తుంది. కొన్ని లైబ్రరీల రసీదు ఈ పుస్తకాలు కొనకపోవడం వల్ల మీకు ఎన్ని డాలర్లు మిగిలాయో కూడా అచ్చేస్తుంది, మా ఆవిడకి ఆ లైను చూడటం మహా సరదా.

గడువు సాధారణంగా మూడు వారాలు. వెనక ఎవరూ వరసలో లేకపోతే చాలాచోట్ల దానంతటదే పెరుగుతుంది. ఆలస్యమైతే జరిమానా అన్న భయం కూడా తగ్గిపోయింది. షికాగో 2019లో, న్యూయార్క్ 2021లో ఆలస్యపు జరిమానాలు ఎత్తేశాయి, ఆ దారిలో ఇంకా చాలా ఊళ్ళు వెళ్ళాయి. అలాగని పుస్తకం పోగొట్టుకుంటే ఊరుకోరు, ఖరీదు కట్టాలి.

భీమవరం కుర్రాడికి చెప్పినదేమిటంటే, కార్డు నంబరే నీకు పెద్ద ఆస్తి. ఫోన్‌లో లిబ్బీ యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే ఈ-బుక్కులు, ఆడియో పుస్తకాలు వస్తాయి, గడువు కాగానే అవే వెనక్కి వెళ్ళిపోతాయి. హూప్లా, కానపీ అనేవి కూడా చాలా లైబ్రరీలు ఇస్తాయి, సినిమాలు, డాక్యుమెంటరీలు చూసుకోవచ్చు. అసలు నీకు పనికొచ్చేది లింక్డిన్ లెర్నింగ్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైటు. విడిగా కొంటే నెలనెలా డబ్బు కట్టాలి, చాలా లైబ్రరీలు కార్డున్నవాళ్ళకి ఉచితంగా తెరిచిస్తాయి. అమీర్‌పేటలో ఫీజు కట్టి నేర్చుకునే సంగతులు చాలా అందులో ఉన్నాయి. ఏ కోర్సుకైనా డబ్బు కట్టే ముందు, లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఒకసారి వెతుకు. రెజ్యుమే దిద్దిపెట్టే సాయం, గంటా రెండు గంటలు తలుపు వేసుకుని ఫోన్ ఇంటర్వ్యూ ఇచ్చుకోవడానికి స్టడీ రూము కూడా దొరుకుతాయి. ఆరుగురున్న ఫ్లాట్‌లో ఇంటర్వ్యూ ఇవ్వడమంటే ఏమిటో వెళ్ళాక నీకే తెలుస్తుంది.

ఇక అమ్మాయికి. నీ మొదటి అవసరం పుస్తకం కాదమ్మా, మనుషులు. ఇంగ్లీషు మాట్లాడటం అలవాటు చేసుకునేవాళ్ళ కోసం లైబ్రరీల్లో వారానికోసారి కూర్చుని కబుర్లు చెప్పుకునే గుంపులుంటాయి. డబ్బు కట్టక్కర్లేదు, పరీక్ష లేదు. "నాకు ఇంగ్లీషు బాగానే వచ్చు" అనకు. బీటెక్‌లో రాసిన ఇంగ్లీషు వేరు, ఫార్మసీ కౌంటర్ దగ్గర ఎదుటి మనిషి గబగబా మాట్లాడేది వేరు. అక్కడ నీతోపాటు కూర్చునే కొరియా, బ్రెజిల్ ఆడవాళ్ళ ఇబ్బంది కూడా అచ్చంగా నీదే. ఇల్లు వెతుక్కునేటప్పుడు బస్ స్టాపు, ఇండియన్ షాపు ఎంత దూరమో చూస్తారు కదా, లైబ్రరీకి నడిచి వెళ్ళొచ్చా అనేది కూడా మీ ఆయన్ని చూడమను. కారు రాని మొదటి ఆరునెలల్లో ఆ ఒక్కటీ చాలా తేడా చేస్తుంది. డ్రైవింగ్ రాతపరీక్షకి చదవాల్సిన హ్యాండ్‌బుక్ కూడా అక్కడి కంప్యూటర్ మీదే చూసుకోవచ్చు.

లైబ్రరీలో వాలంటీరుగా చేయొచ్చా అని కూడా అడిగింది. జీతం, దానికి బదులుగా ఇంకేదీ తీసుకోకుండా, అక్కడ ఎప్పుడూ వాలంటీర్లే చేసే పని అయితే ఇబ్బంది ఉండదు. జీతమిచ్చి చేయించుకునే పనిని నువ్వు ఉచితంగా చేస్తానంటే అది వేరే కథ, వీసా దగ్గర తేడా వస్తుంది. సందేహముంటే లాయర్ని అడిగాకే అడుగు వెయ్యి.

మనవాళ్ళు అస్సలు వాడుకోనిది అమ్మానాన్నల విషయంలో. పురుడు పొయ్యడానికనో, మనవల్ని చూసుకోవడానికనో రాజోలు నుంచో రావులపాలెం నుంచో అమ్మ వస్తుంది. ఇక్కడ వీధి చివర దాకా వెళ్ళొచ్చేసరికి పది మందిని పలకరించే మనిషి, అక్కడ కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చుంటుంది. మనవడికో మనవరాలికో ఏడాది దాటితే ఇద్దర్నీ కలిపి స్టోరీ టైముకి తీసుకెళ్ళండి. అరగంట కథలు, చప్పట్లు, పాటలు. భాష అర్థం కాకపోయినా పిల్లల ముందు అమ్మమ్మలకి ఇబ్బందేమీ ఉండదు. నాన్నగారికి పేపర్ల గది, పెద్ద అక్షరాల పుస్తకాలు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి కార్డు ఇచ్చేదీ లేనిదీ ఆయా లైబ్రరీని బట్టి ఉంటుంది, కానీ లోపల కూర్చుని చదువుకోవడానికి కార్డే అక్కర్లేదు. ఇంటికి తెచ్చుకోవాలంటే మీ కార్డుంది.

తెలుగు పుస్తకాలు దొరుకుతాయా అంటే, దొరుకుతాయి, కానీ వెతికే పద్ధతి తెలియాలి. లైబ్రరీల్లో పుస్తకాలకి విషయాన్ని బట్టి నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో తెలుగు సాహిత్యం నంబరు 894.827. కొన్నిచోట్ల ఆ నంబరు దగ్గర, కొన్నిచోట్ల ప్రపంచ భాషలని విడిగా ఉన్న షెల్ఫులో పెడతారు. కేటలాగ్‌లో తెలుగు లిపితో వెతికితే చాలాసార్లు ఏమీ రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కిస్తారు, అదీ మనం వాట్సాప్‌లో రాసే తీరులో కాదు. మనం "చ"కి సీ, హెచ్ రెండూ రాస్తాం, వాళ్ళు ఉట్టి సీ రాస్తారు. చరిత్ర అన్న మాట సీతో మొదలై వెంటనే ఏ వస్తుంది. దీర్ఘానికి మనం రెండు ఏలు కొడితే వాళ్ళు ఒక ఏ మీద గీత గీస్తారు, వెతికేటప్పుడు గీత లేకుండా ఒక్క ఏ కొడితే చాలు. ఈ కిటుకు తెలియక "మన లైబ్రరీలో తెలుగే లేదు" అని తేల్చేసినవాళ్ళు చాలామంది.

మీ ఊళ్ళో లేకపోతే ఇంటర్ లైబ్రరీ లోన్ అని అడగండి. వేరే లైబ్రరీ నుంచి మీ కౌంటరుకి తెప్పిస్తారు, చాలాచోట్ల ఉచితం, కొన్నిచోట్ల కొద్దిగా ఖర్చు. విస్కాన్సిన్, షికాగో విశ్వవిద్యాలయాల్లో, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో తెలుగు పుస్తకాలు గుట్టలుగా ఉన్నాయి. అవి అక్కడికెలా చేరాయన్నది మన పెద్దవాళ్ళకి చెప్తే ఆశ్చర్యపోతారు. అమెరికా నుంచి వచ్చిన పీఎల్ 480 గోధుమలు గుర్తున్నాయా అని మీ తాతగారిని అడగండి. ఆ ధాన్యానికి మన ప్రభుత్వం రూపాయల్లో చెల్లించింది. ఆ రూపాయల్లో కొంత పెట్టి 1962 నుంచి భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా లైబ్రరీలకి పంపారు. వరి పండించే డెల్టాకి గోధుమలు వచ్చాయి, మన భాష పుస్తకాలు అటు వెళ్ళాయి. ఇక్కడ ఎవరింట్లోనూ మిగలని పాత ప్రతులు అక్కడ దొరికే అవకాశముంది.

మీ లైబ్రరీలోనే తెలుగు షెల్ఫు కావాలంటే వెబ్‌సైట్‌లో ఫలానా పుస్తకం కొనండని సూచించే ఫారం ఉంటుంది, నాలుగు కుటుంబాలవాళ్ళు కలిసి నింపండి. వచ్చాక ఇంటికి తీసుకెళ్ళండి. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే మనవాళ్ళు షెల్ఫు ముందు నిలబడి ఫొటో తీసుకుని ఫేస్‌బుక్‌లో పెట్టి వచ్చేస్తారు. లైబ్రరీ లెక్కలో ఫొటోకి విలువ లేదు. కొన్నేళ్ళుగా ఎవరూ తీసుకెళ్ళని పుస్తకాలని ఏరి తీసేస్తారు, ఆ చోటు ఇంకో భాషకి వెళ్తుంది. మీ ఇంట్లో పాత వారపత్రికల కట్టలు విరాళమని మోసుకెళ్ళడం వల్ల కూడా ఉపయోగం లేదు. ఇలా వచ్చినవాటిలో ఎక్కువ భాగం పుస్తకాల అమ్మకానికి పోతాయి. ఆ అమ్మకాలకి మాత్రం తప్పకుండా వెళ్ళండి, పిల్లల పుస్తకాలు డాలరుకీ అంతకన్నా తక్కువకీ వస్తాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ప్రింట్లు పేజీకి కొన్ని సెంట్లు. మ్యూజియం పాసులు చాలాచోట్ల ఇస్తారు, వారాంతాలకైతే ముందే బుక్ చేసుకోవాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ 15 దాకా కొన్ని లైబ్రరీల్లో వాలంటీర్లు ట్యాక్స్ రిటర్ను ఉచితంగా వేసిపెడతారు. కానీ ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీదున్న పిల్లలు మొదటి ఐదేళ్ళూ సాధారణంగా నాన్ రెసిడెంటు కింద 1040-ఎన్ఆర్ అనే ఫారం వెయ్యాలి, ఆ వాలంటీర్లలో ఎక్కువమంది దాన్ని చెయ్యరు. ముందు ఫోన్ చేసి అడగండి, లేదా మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్ళండి. అక్కడ పుట్టిన బిడ్డకి అమెరికా పాస్‌పోర్టు దరఖాస్తు తీసుకునే లైబ్రరీలూ ఉన్నాయి, పదహారేళ్ళ లోపు పిల్లలకైతే తల్లిదండ్రులిద్దరూ వెళ్ళాలన్నది మర్చిపోవద్దు.

పాటించాల్సినవి కొన్ని. స్పీకర్ పెట్టి అమలాపురానికి వీడియో కాల్ చెయ్యకండి. చిన్నపిల్లల్ని వదిలేసి వాల్‌మార్ట్‌కి వెళ్ళకండి, ఎన్నేళ్ళ లోపు పిల్లల్ని ఒంటరిగా ఉంచకూడదో ప్రతి లైబ్రరీకీ నియమం ఉంటుంది. డౌన్‌టౌన్ బ్రాంచిల్లో ఇల్లులేనివాళ్ళు చలికి వచ్చి కూర్చుంటారు. వాళ్ళని చూసి పక్కకి తప్పుకునేవాళ్ళున్నారు. ఆ కుర్చీ మీద మీకెంత హక్కో వాళ్ళకీ అంతే. తెలుగు బడి నడపడానికి మీటింగ్ రూము అడగొచ్చు, అయితే అక్కడ ఫీజు వసూలు చెయ్యడానికి సాధారణంగా ఒప్పుకోరు.

లండన్ వైపు వెళ్ళేవాళ్ళకి కూడా ఇంచుమించు ఇదే మాట. అక్కడ 1964 నాటి చట్టం ప్రకారం లైబ్రరీ నడపడం స్థానిక కౌన్సిళ్ళ బాధ్యత.

చివరికి పెట్టెల సంగతి. పాలకొల్లు అమ్మాయి వాళ్ళ అమ్మగారు 23 కిలోల పెట్టెలో పూతరేకులు, ఆవకాయ సర్దాక మిగిలిన చోట ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు పెడుతున్నారు. రేపు పిల్లలు పుడితే పనికొస్తాయని ఆవిడ ముందుచూపు. అవన్నీ తీయించేశాను. అక్కడ ప్రతి లైబ్రరీలోనూ అవి అలమారల కొద్దీ ఉన్నాయి. ఆ చోట అక్షరాలు దిద్దుకునే తెలుగు పుస్తకాలు, పిల్లల కథలు పెట్టమన్నాను. రాజమండ్రి వెళ్ళే పనుంటే అక్కడి పుస్తకాల షాపుల్లో దొరుకుతాయి, ప్రయాణానికి ఇంకా పది రోజులుంది.