బస్తీ ట్యూషన్ సెంటర్ ఫలితాన్ని ఎలా కొలవాలి?

ఏడాది చివర ఒక్క సర్వే చేస్తే చాలా అంటే, చాలదు. పిల్లలు చేరిన మొదటి వారమే ఒక్కొక్కరితో చదివించి అక్షరం, పదం, పేరా, కథల్లో ఎవరు ఏ మెట్టు మీదున్నారో రాసుకోవాలి. అది లేకపోతే ఎంత మెరుగయ్యారో చెప్పే దారే ఉండదు. మధ్యలో మానేసిన పిల్లల్నీ వెతికి పరీక్షించాలి. మిగిలినవాళ్లనే లెక్కేస్తే ఫలితం ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది.

హైదరాబాద్ బస్తీల్లో ఎక్కువగా దెబ్బతినేది ఇళ్లకెళ్లి తల్లుల్ని అడిగే సర్వే వేళ దగ్గరే. పొద్దున 11 గంటలకు వెళ్తే పనికెళ్లిన తల్లులు దొరకరు, తలుపులకు తాళాలుంటాయి. సాయంత్రం 6 దాటాక వెళ్లండి, ఉర్దూ వచ్చినవాళ్లనూ తీసుకెళ్లండి. పాఠం చెప్పే టీచర్‌తో మాత్రం అడిగించొద్దు, మొహమాటానికి "మంచిగుంది మేడమ్" అనేస్తారు.

భాగస్వాములైన స్కూలు, మహిళా సంఘం ఏ రిజిస్టర్ ఎప్పుడిస్తాయో మొదట్లోనే కాగితం మీద పెట్టుకోండి.