టెక్ సందేహాలు: మోటార్‌హోమ్ వెనక కట్టిన కారు, దించేసరికి బ్యాటరీ డౌన్

ప్ర: మాది 2012 హోండా సీఆర్-వీ. పొద్దున ఏడింటికి టో బార్‌తో (బండిని లాగే ఇనుప కడ్డీ) మోటార్‌హోమ్ (ఇల్లులా వాడుకునే పెద్ద బండి) వెనక కట్టాం. నాలుగు చక్రాలూ నేల మీదే. సాయంత్రం క్యాంప్‌గ్రౌండ్‌లో దించి తాళం తిప్పితే టకటకమని చప్పుడొచ్చింది తప్ప ఇంజిన్ తిరగలేదు. బ్యాటరీ కొని ఏడాది కూడా కాలేదు. లోపం ఎక్కడ?

జ: బ్యాటరీని అనకండి పాపం. స్టీరింగ్ లాక్ పడకుండా తాళాన్ని యాక్సెసరీ స్థానంలో వదలమని మీ కారు మాన్యువలే చెబుతుంది. మీరూ అలాగే చేసి ఉంటారు. దాంతో రేడియో, సాకెట్, కొన్ని మాడ్యూళ్లు రోజంతా మెలకువగానే ఉంటాయి. చక్రాలు తిరుగుతున్నాయి కాబట్టి చార్జింగ్ కూడా అవుతోందని చాలామంది అనుకుంటారు. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌కి బెల్ట్ ఉన్నది ఇంజిన్‌తో, చక్రాలతో కాదు. ఇంజిన్ ఆగిందంటే కారుకి రాబడి లేదు, ఖర్చే.

ఆ ఖర్చు ఎంతో చూడండి. యాక్సెసరీలో 3 ఆంప్‌లు పోతున్నాయనుకుంటే ఎనిమిది గంటలకు 24 ఆంప్-అవర్లు. మోటార్‌హోమ్ బ్రేకు వేసినప్పుడు వెనకున్న కారు బ్రేకు కూడా నొక్కే యూనిట్ సగటున ఇంకో ఆంప్ తీసుకుంటే మరో 8. మొత్తం 32. మామూలు కారు బ్యాటరీలో నిండుగా ఉండేదే 50, 60. పైగా స్టార్టర్ బ్యాటరీ కొన్ని సెకన్లు పెద్ద కరెంటు ఇవ్వడానికి తయారైంది. సగానికి కిందికి పదేపదే దించితే కొత్తదైనా త్వరగా పోతుంది.

మాన్యువల్‌లోని ఇంకో సూచనను కూడా చాలామంది అపార్థం చేసుకుంటారు. ఎనిమిది గంటలకోసారి ఇంజిన్ స్టార్ట్ చేసి, గేర్లన్నీ మార్చి, డీ (డ్రైవ్) గేరులో ఐదు సెకన్లు ఉంచి, న్యూట్రల్‌లో మూడు నిమిషాలు నడపమంటుంది. అది గేర్‌బాక్స్ కోసం. ఆ మూడు నిమిషాల్లో ఆల్టర్నేటర్ 30 ఆంప్‌లు ఇచ్చినా బ్యాటరీకి చేరేది ఒకటిన్నర ఆంప్-అవర్. పొద్దుట్నుంచి పోయిన 32కి అది ఏ మూలకి?

డబ్బు ఖర్చు లేని దారి, కట్టే ముందు యాక్సెసరీ ఫ్యూజ్ తీసేయడం. ఏ ఫ్యూజో పెట్టె మూత మీది బొమ్మలో ఉంటుంది. ఒక చిక్కుంది. మీ బ్రేక్ యూనిట్ సిగరెట్ సాకెట్‌కి గుచ్చేదైతే, చాలా కార్లలో ఆ సాకెట్ కూడా అదే ఫ్యూజ్ మీద ఉంటుంది. రేడియోతో పాటు బ్రేకూ పోతుంది. ఫ్యూజ్ తీశాక యూనిట్ లైటు వెలుగుతోందో లేదో చూసుకోకుండా రోడ్డెక్కొద్దు.

ప్ర: రోజూ ఫ్యూజ్ పీకలేక నెగటివ్ టెర్మినల్‌కి డిస్‌కనెక్ట్ స్విచ్ బిగిద్దామనుకుంటున్నాను. సరిపోతుందా?

జ: కారును బట్టి. కొన్నింటికి తయారీదారే నెగటివ్ కేబుల్ విప్పమంటాడు, అక్కడ దివ్యంగా పనిచేస్తుంది. ముందు తాళం, గేరు మాన్యువల్ చెప్పిన స్థితిలో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, చివర్న స్విచ్ తిప్పాలి. వరస తప్పితే స్టీరింగ్ లాక్ అయిన కారును లాగినట్టే. అదే గేరును కరెంటు సంకేతంతో మార్చే (షిఫ్ట్-బై-వైర్) కార్లలో కొన్ని, కరెంటు తగ్గితే తమంతట తామే పార్క్‌లోకి వెళ్లిపోతాయి. టోయింగ్‌లో ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌కి కరెంటు ఉండి తీరాల్సిన కార్లూ ఉన్నాయి. వీటికి స్విచ్ ఊసే వద్దు.

చాలామంది తప్పు చేసేది బ్రేక్‌అవే స్విచ్ దగ్గర. టో బార్ తెగి కారు విడిపోతే ఆ స్విచ్ పిన్ను ఊడివచ్చి కారు బ్రేకులు పడాలి. అందుకు కావలసిన కరెంటు కారు బ్యాటరీదే. మీరు నెగటివ్ కోసేశాక ఆ సర్క్యూట్ గ్రౌండ్ కారు బాడీ మీదే ఉంటే, అవసరమైన ఆ ఒక్క క్షణంలో ఏమీ జరగదు. బ్రేక్ యూనిట్, బ్రేక్‌అవే రెండింటి నెగటివ్ వైర్లూ డిస్‌కనెక్ట్‌కి ఇవతల, నేరుగా బ్యాటరీ పోస్ట్‌కే రావాలి. బిగించాక స్విచ్ ఆఫ్ చేసి, పిన్ను చేత్తో లాగి, పెడల్ కిందికి వెళ్తోందో లేదో చూడండి.

రిమోట్‌తో పనిచేసే కటాఫ్ కొంటే లాచింగ్ రకమే (స్థితి మారేటప్పుడు మాత్రమే కరెంటు తీసుకునేది) అడగండి. మామూలు సోలినాయిడ్ (అయస్కాంతంతో పనిచేసే స్విచ్) తెరిచినంతసేపూ లేదా మూసినంతసేపూ తనే కరెంటు తాగుతుంది.

ప్ర: మోటార్‌హోమ్ నుంచే చార్జ్ వైర్ లాగితే పోలేదా? ఎంత లావు వైరు కావాలి?

జ: నన్నడిగితే ఇదే సరైన పరిష్కారం. ఫ్యూజులు పీకడం, స్విచ్‌లు తిప్పడం అన్నీ ఒకరోజు మర్చిపోయే పనులు. ప్లగ్ గుచ్చితే చార్జయ్యేది మర్చిపోరు. కానీ వైరు సన్నమైతే ఉపయోగం లేదు.

మోటార్‌హోమ్ బ్యాటరీ నుంచి కారు బ్యాటరీ దాకా 45 అడుగులు అనుకుందాం. వెళ్లే వైరు, వచ్చే వైరు కలిపి 90. 12 గేజ్ రాగి వైరుకి వెయ్యి అడుగులకు 1.6 ఓమ్‌ల నిరోధం, 90 అడుగులకు 0.144. అందులో 10 ఆంప్‌లు పారితే 1.4 వోల్టులు దారిలోనే పోతాయి. అక్కడ 14.2 ఉంటే ఇక్కడికి వచ్చేది 12.8. దాంతో చార్జింగ్ పేరుకే. అదే 4 ఆంప్‌లైతే పోయేది 0.6, అందేది 13.6. అంటే 12 గేజ్ వైరు రోజువారీ ఖర్చును పూడ్చగలదు, ఖాళీ బ్యాటరీని నింపలేదు. చాలామందికి అది చాలు. బ్రేక్ యూనిట్ ఎక్కువ లాగేదైతే, మోటార్‌హోమ్ పొడుగైతే ఇంకా లావైన 10 గేజ్ వేయండి. లేదా కారు బ్యాటరీ పక్కనే 10 ఆంప్‌ల లోపు డీసీ-డీసీ చార్జర్ పెట్టండి. తక్కువ వోల్టేజీ వచ్చినా దాన్ని పెంచి 14 పైన అందిస్తుంది. వోల్టేజీని తగ్గిస్తూ పెంచుతూ ఉండే స్మార్ట్ ఆల్టర్నేటర్ ఉన్న కొత్త ఛాసిస్‌లకు ఇది దాదాపు తప్పనిసరి.

వైరుకి రెండు చివర్లా బ్యాటరీకి అడుగులోపే ఫ్యూజ్ ఉండాలి, ఎందుకంటే కరెంటు రెండు వైపుల నుంచీ రాగలదు. 12 గేజ్‌కి 20 ఆంప్‌లు మించొద్దు. కేబుల్ తగిలించి ఉండగా కారు స్టార్ట్ చేస్తే స్టార్టర్ ఆ సన్న వైరులోంచీ లాగబోతుంది, ఫ్యూజ్ ఎగిరిపోతుంది. అందుకే కొందరు దానంతటదే మళ్లీ కలిసే బ్రేకర్ వాడతారు. ప్లగ్‌లో ఏ పిన్నులో 12 వోల్టులు వస్తున్నాయో రంగు చూసి నమ్మొద్దు, మీటర్ పెట్టి చూడండి. ఆ పిన్ను మోటార్‌హోమ్ ఇంజిన్ ఆపాక కూడా లైవ్‌గా ఉంటే, రాత్రంతా ప్లగ్ వదిలేసినప్పుడు కారు మీ హౌస్ బ్యాటరీని (మోటార్‌హోమ్ లోపలి లైట్లు వగైరా నడిపేది) తాగుతుంది. ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడే కరెంటు వదిలే రిలే పెట్టుకోండి. గ్రౌండ్‌కి వేరే వైరు కావాలి. టో బార్ ఇనుమే కదా అని దాని మీద వదిలేస్తే తుప్పు, రంగు, వదులు కీళ్ల మధ్య లైట్లు మినుకుమంటాయి, చార్జింగ్ ఆగుతూ సాగుతూ ఉంటుంది.

ప్ర: చార్జ్ వైరు ఉంది, అయినా బ్యాటరీ పడిపోతోంది. ఏం చూడాలి?

జ: ముందు బ్రేక్ లైట్లు. పెడల్ మీద పెట్టే యూనిట్‌ని కొంచెం బిగుతుగా కూర్చోబెడితే, దాని పాదం పెడల్‌ని వెంట్రుకవాసి నొక్కుతూ ఉంటుంది. అంత చాలు, స్టాప్ లైట్ స్విచ్ ఆన్ అవడానికి. పాత రకం 21 వాట్ల బల్బులు రెండు, పైన ఇంకోటి కలిస్తే 4, 5 ఆంప్‌లు ఆగకుండా పోతూ ఉంటాయి. చార్జ్ వైరు తెచ్చేదంతా అక్కడే అయిపోతుంది. అంతకంటే ప్రమాదం, బ్రేక్ ప్యాడ్లు కూడా రాసుకుని వేడెక్కడం. అన్నీ తగిలించాక ఒకరు వెనక నిలబడి, మోటార్‌హోమ్ బ్రేకు వదిలి ఉన్నప్పుడు కారు లైట్లు ఆరాయా లేదా చూడాలి.

అది కాకపోతే కొలవండి. కారును టోయింగ్ స్థితిలో పెట్టి, ప్లగ్ పీకి, తలుపులు మూసి, కీ ఫాబ్‌ని దూరంగా ఉంచి అరగంట ఆగండి. ఈలోగా నిద్రపోవాల్సిన మాడ్యూళ్లు నిద్రపోతాయి. తర్వాత నెగటివ్ కేబుల్ చుట్టూ డీసీ క్లాంప్ మీటర్ పెట్టండి. మామూలు మల్టీమీటర్‌ని సిరీస్‌లో పెడితే 10 ఆంప్‌ల సాకెట్ వాడండి. అది ఉండగా కారు స్టార్ట్ చేస్తే మీటర్ ఫ్యూజ్ గోవిందా. ఒక ఆంప్ దాటుతుంటే ఒక్కో ఫ్యూజ్ తీసి చూస్తూ పోతే తాగేదెవరో దొరుకుతుంది. ప్రయాణానికి ముందు ఇంటి దగ్గరే ఎనిమిది గంటలు అలా వదిలి, లోడ్లన్నీ ఆపి గంటయ్యాక వోల్టేజీ చూడండి. 12.6 అంటే నిండుగా, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు.

ప్ర: డాష్‌బోర్డ్ మీద చిన్న సోలార్ ప్యానెల్ పెడితే?

జ: 20 వాట్ల ప్యానెల్ ఎండకు ఎదురుగా ఉంటే ఒక ఆంప్ పైచిలుకు. అద్దం వెనక, పడుకోబెట్టి, దారి మలుపుల్లో అంతకంటే చాలా తక్కువ. ఆపి ఉంచిన కారుకి మేలు, లాగుతున్న కారుకి చాలదు. ఆ డబ్బుతో లిథియం జంప్ స్టార్టర్ కొని కారులో కాకుండా మోటార్‌హోమ్‌లో పెట్టుకోండి. రిమోట్‌తోనే తలుపు తెరుచుకునే కారైతే, బ్యాటరీ పోయాక తలుపు తీయడానికి ఫాబ్ లోపలి ఇనుప తాళం ఎలా వస్తుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి.