రెండు ఇళ్ళ మధ్య ఒక అద్దె ఇల్లు

"అన్నా, డల్లాస్‌లో ఉద్యోగం వచ్చింది. ఇక్కడ ఇల్లు అమ్మేసి, అక్కడ కొనుక్కుని, రెండు క్లోజింగులూ ఒకే వారంలో పెట్టేసుకుంటే మధ్యలో అద్దె గోల ఉండదు కదా?"

న్యూజెర్సీ నుంచి నాకు ఫోన్ చేసే మనవాళ్ళు దాదాపు అందరూ ఇదే అడుగుతారు. (క్లోజింగ్ అంటే డబ్బు చేతులు మారి ఇల్లు రాసిచ్చే రోజు.) ఉండదు, రెండూ కుదిరితే. 2022లో నేనూ అచ్చం ఇలాగే లెక్క వేశాను. జూన్ 24న ఎడిసన్ దగ్గర మా ఇల్లు అమ్మకం, 29న డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో కొనడం. ఇండియా పంచాంగం ప్రకారం 30 నుంచి ఆషాఢం, ఆ లోపే పాలు పొంగించెయ్యాలని మా అమ్మ ఆజ్ఞ. క్యాలెండర్ మీద చూస్తే ముచ్చటగా ఉంది. ఆ ఏడాది ఇంటి లోను వడ్డీలు మూడు శాతం చిల్లర దగ్గర మొదలై అక్టోబరుకల్లా ఏడు దాటాయి. మా ఇల్లు కొంటానన్న ఆయనకి మధ్యలో లోను నిలబడలేదు. లోను రాకపోతే తప్పుకోవచ్చన్న షరతు కాంట్రాక్టులో ఉంది కాబట్టి ఆయన డిపాజిట్ ఆయన తీసుకుని వెళ్ళిపోయాడు. నాకు టెక్సాస్ కాంట్రాక్టులో, కారణం చెప్పకుండా తప్పుకోగలిగే ఆప్షన్ పీరియడ్ ఎప్పుడో అయిపోయింది. ఇక్కడ డబ్బు రాకపోతే అక్కడ కట్టలేను. అడ్వాన్సుగా కట్టిన ఎర్నెస్ట్ మనీ వదులుకున్నాను.

ఆ తర్వాత అయిదు వారాలు ఎక్స్‌టెండెడ్ స్టే హోటల్లో, ఆపైన ఆరు నెలలు అపార్ట్‌మెంట్లో ఉన్నాం. ఏ అద్దెను తప్పించుకోవాలని అంత హడావిడి పడ్డానో ఆ అద్దే కట్టాను. ముందే అనుకుని ఉంటే సగం ఖర్చుతో, సగం టెన్షన్‌తో పోయేది. అందుకే అడిగిన వాళ్ళందరికీ ఇప్పుడు ఒకటే చెప్తున్నాను. ముందు అమ్మండి, మధ్యలో కావాలనే అద్దెకి ఉండండి, తీరిగ్గా కొనండి.

ఇంటి సంగతికి ముందు వీసా సంగతి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు అదే కంపెనీలో బదిలీ అవుతున్నా, పనిచేసే చోటు వేరే మెట్రో ప్రాంతానికి మారితే అమెండ్‌మెంట్ పిటిషన్ వెయ్యాలి. 2015లో ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చిన సిమియో నిర్ణయం తర్వాత ఇందులో సందేహం లేదు. కొత్త ఊళ్ళో పని మొదలుపెట్టక ముందే అది ఫైల్ అవ్వాలి. గ్రీన్ కార్డుకి మొదటి మెట్టయిన పెర్మ్ కూడా పనిచేసే ఊరికి ముడిపడి ఉంటుంది, లాయర్ని అడిగి కానీ ఇంటి ముందు 'ఫర్ సేల్' బోర్డు పాతకండి.

కంపెనీ ఇచ్చే రీలొకేషన్ సొమ్ము గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. 2018 నుంచి అది జీతంతో సమానం, పన్ను పడుతుంది. పదివేల డాలర్లు అన్నారని పదివేలూ ఖర్చు పెట్టేసుకోకండి. "గ్రాస్-అప్ చేస్తారా, అంటే ఆ పన్ను కూడా కంపెనీయే కడుతుందా?" అని హెచ్ఆర్‌ని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఏడాదో రెండేళ్ళో లోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో కూడా చూసుకోండి.

ఇక అమ్మకం. మా ఏజెంట్ మొదటిరోజు ఇల్లంతా తిరిగి, వంటింట్లో నిలబడి, ఎంతో మర్యాదగా, "మూడు వారాలు పోపు పెట్టకుండా ఉండగలరా?" అంది. మా ఆవిడ ఆవిణ్ణి చూసిన చూపు నాకింకా గుర్తుంది. చివరికి గరాజ్ తలుపు ఎత్తి, క్యాంపింగ్ స్టవ్ మీద పోపు పెట్టుకుని గిన్నె లోపలికి తెచ్చుకునేవాళ్ళం. స్టవ్ వెనక గోడకి రంగు వేయించాం, గడపకున్న పసుపు తుడిచాం. దేవుడి మందిరం మాత్రం కదిపేది లేదంది ఆవిడ. నష్టమేమీ జరగలేదు, చూడ్డానికి వచ్చినవాళ్ళలో సగంమంది మనవాళ్ళే. వాళ్ళతో వచ్చిన తంటా వేరు. మా ఇల్లు పడమటి ముఖం. డ్రైవ్‌వేలో కారు ఆపి, దిగి, ఫోన్లో కంపాస్ చూసుకుని, మళ్ళీ కారెక్కి వెళ్ళిపోయిన జంటలు రెండు. మీది తూర్పు ముఖమైతే ఆ మాట లిస్టింగులో రాయించండి, ఎడిసన్, మన్రో వైపు అది నిజంగానే పనిచేస్తుంది.

న్యూజెర్సీలో ఇంకొన్ని ఉన్నాయి. సంతకాలయ్యాక మూడు పనిదినాలు అటార్నీ రివ్యూ, అంటే లాయర్లు కాంట్రాక్టు చూసే గడువు, అప్పటిదాకా ఏదీ ఖాయం కాదు. బేస్‌మెంట్ ఉంటే నేలలోంచి వచ్చే రేడాన్ అనే హానికర వాయువు ఉందేమో పరీక్ష అడుగుతారు, పాత ఇల్లయితే భూమిలో ఆయిల్ ట్యాంకు ఉందేమో వెతికిస్తారు. ఊరి అధికారులు పొగ అలారాలు చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. మాకు ఆఖర్న అంతా సిద్ధమయ్యాక వంటింటికి పది అడుగుల లోపు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లేదని ఆపేశారు. అది గరాజ్‌లో మూలన పడి ఉంది! తెచ్చి తగిలించి, మళ్ళీ తనిఖీకి రప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. కమీషన్ విషయంలో 2024 ఆగస్టు 17 నుంచి పద్ధతి మారింది. కొనేవాళ్ళ ఏజెంటుకి ఎంతిస్తారో ఇప్పుడు ఏజెంట్లందరూ చూసే ఎంఎల్‌ఎస్ లిస్టింగులో వెయ్యరు. ఇవ్వడం మానెయ్యాలని లేదు, ఇచ్చి తీరాలనీ లేదు. బేరమాడండి.

'ఎగ్జిట్ టాక్స్' అని ఒక భూతాన్ని చూపించి అందరూ భయపెడతారు. న్యూజెర్సీ వదిలి వెళ్తున్నందుకు వేసే జరిమానా అనుకుంటారు చాలామంది. అది వేరే పన్ను కాదు, లాభం మీద రాబోయే పన్నుకి అడ్వాన్సు. రాష్ట్రంలో ఉండనివాళ్ళు అమ్మితే లాభంలో 10.75 శాతం, లేదా అమ్మిన ధరలో 2 శాతం, ఏది ఎక్కువైతే అది క్లోజింగులో పట్టుకుంటారు. ఏడు లక్షల ఇంటికి 2 శాతమే 14,000 డాలర్లు. మీరు ఉంటున్న సొంత ఇల్లే అయి, ఫెడరల్ మినహాయింపు మీకు వర్తిస్తే జీఐటీ/ఆర్ఈపీ-3 అనే ఫారం సంతకం పెడితే చాలు, ఏమీ పట్టుకోరు. మీరు అప్పటికే టెక్సాస్ చేరిపోయినా సరే. అద్దెకిచ్చి తర్వాత అమ్మేవాళ్ళకే ఈ బెడద. వాళ్ళకి కూడా పన్ను లెక్క తేలాక మిగిలింది రిటర్నులో వెనక్కి వస్తుంది.

ఆ ఫెడరల్ మినహాయింపు దంపతులకి అయిదు లక్షల డాలర్ల లాభం వరకు, ఒంటరివాళ్ళకి రెండున్నర లక్షల వరకు. అమ్మే నాటికి వెనకటి అయిదేళ్ళలో రెండేళ్ళు ఆ ఇంట్లో ఉండాలి. ఉద్యోగం కోసం దూరం పోతూ రెండేళ్ళు నిండకపోయినా కొంత భాగం దక్కుతుంది.

"మూడు శాతం లోను అన్నా, ఎవడైనా వదులుకుంటాడా, అద్దెకిచ్చేస్తాను" అంటారు కొందరు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ పైన చెప్పిన అయిదేళ్ళ లెక్క ప్రకారం, మీరు ఖాళీ చేసి మూడేళ్ళు దాటితే మినహాయింపు చెయ్యి జారుతుంది. అదీకాక 1,500 మైళ్ళ దూరంలో కూర్చుని, జనవరి రాత్రి బాయిలర్ ఆగిపోయిందని వచ్చే ఫోన్ ఎత్తగలరా అన్నది మీ గుండె ధైర్యం. నాకు లేదు. అద్దెకివ్వకుండా ఖాళీగా వదిలేస్తే ఇన్సూరెన్సు సంగతి చూసుకోండి. మామూలు పాలసీలు ఇల్లు 30 లేదా 60 రోజులు ఖాళీగా ఉంటే కొన్ని నష్టాలకి చెల్లవు. చలికాలమైతే నీళ్ళు కట్టేసి పైపులు ఖాళీ చేయించండి.

మీ ఇల్లు అమ్ముడైపోయి, పిల్లల బడి మాత్రం ఇంకా అవ్వలేదనుకోండి. కొన్నవాళ్ళకే అద్దె కట్టి అదే ఇంట్లో ఉండొచ్చు. దాన్ని రెంట్-బ్యాక్ అంటారు. కాంట్రాక్టు రాసుకునేటప్పుడే అడగాలి. సొంతంగా ఉండటానికని లోను తీసుకున్నవాళ్ళు మామూలుగా 60 రోజుల్లో ఇంట్లో దిగాలి కాబట్టి అంతకుమించి ఒప్పుకోరు. ఇంకో మాట, న్యూజెర్సీలో అమ్మేవాళ్ళు కాగితాల మీద ముందే సంతకాలు పెట్టి లాయరు దగ్గర వదిలి వెళ్ళొచ్చు. క్లోజింగ్ కోసం విమానం ఎక్కి వెనక్కి రానక్కర్లేదు. డబ్బు వైరు చెయ్యమని ఈమెయిల్లో ఏ ఖాతా నంబరు వచ్చినా, మీ దగ్గర ముందునుంచీ ఉన్న ఫోన్ నంబరుకి చేసి నిర్ధారించుకున్నాకే కదలండి.

ఇప్పుడు మధ్యలో ఉండే ఇల్లు. చాలామంది దీన్ని రైల్వే వెయిటింగ్ రూములా చూస్తారు, ఏదో ఒకటి దొరికితే చాలనుకుంటారు. నేను చేసిన పెద్ద పొరపాటు అదే. ఆఫీసుకి దగ్గరని అపార్ట్‌మెంట్ తీసుకున్నాను. తర్వాత కొన్న ఇల్లు ఇంకో ఎలిమెంటరీ బడి పరిధిలో పడింది. మా చిన్నది ఏడాదిలో మూడు బళ్ళు చూసింది. మూడో బళ్ళో మొదటి నెల మధ్యాహ్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తెచ్చేది. అడిగితే ఆకలి లేదనేది. అందుకని ముందు ఇల్లు ఏ బడి పరిధిలో కొనాలో తేల్చుకుని, అద్దె ఇల్లు ఆ పరిధిలోనే వెతకండి. రెండు మూడు వందలు ఎక్కువైనా సరే. బళ్ళో చేర్చాలంటే లీజు కాగితం, కరెంటు బిల్లు అడుగుతారు. హోటల్ రసీదు పట్టుకెళ్తే తిప్పుతారు. హెపటైటిస్-ఏ టీకా రెండు డోసులూ పడ్డాయో లేదో చూసుకోండి, టెక్సాస్ బళ్ళలో అది తప్పనిసరి. ఇంకొకటి, న్యూజెర్సీ బళ్ళు జూన్ మూడో వారం దాకా సాగితే, డల్లాస్ చుట్టుపక్కల ఆగస్టు రెండో వారానికే తెరిచేస్తారు. మధ్యలో ఉన్నది ఏడెనిమిది వారాలే, అందులో చాలాసార్లు నెల ఆషాఢమే. అద్దె ఇంట్లో దిగడానికి ముహూర్తం అక్కర్లేదు కదా, శ్రావణం వచ్చాక నిదానంగా సొంత ఇల్లు చూసుకోవచ్చు. ఈ వాదనకి మా అమ్మ కూడా లొంగింది.

హోటల్లో దిగాల్సే వస్తే నెలకి పైన ఉంటామని చెక్-ఇన్‌లోనే రాతపూర్వకంగా చెప్పండి. టెక్సాస్‌లో 30 రోజులు వరుసగా ఉండేవాళ్ళకి రాష్ట్ర హోటల్ పన్ను 6 శాతం ఉండదు. ముందే రాసిస్తే మొదటిరోజు నుంచీ మాఫీ. చెప్పకపోతే మొదటి 30 రోజులకీ కట్టాల్సిందే. నేను కట్టాను. ఆ హోటల్ గదిలో రెండు ఎలక్ట్రిక్ పొయ్యిలు, ఒక బుల్లి ఫ్రిజ్, తలుపు పక్కనే పొగ అలారం. ఎండుమిర్చి నూనెలో పడగానే అది కూసేది. మా వాడు తువ్వాలు పట్టుకుని అలారం కింద నిలబడి విసరడానికి అలవాటు పడిపోయాడు.

అపార్ట్‌మెంట్ వాళ్ళు జీతం అద్దెకి మూడింతలు ఉండాలంటారు, కొత్త ఉద్యోగం ఆఫర్ లెటర్ చూపిస్తే సరిపోతుంది. ఆరు నెలల లీజు ఏడాది లీజు కంటే నెలకి ఖరీదే. అయినా మంచిదే. సంతకం పెట్టేముందు మూడు విషయాలు చదవండి: ఖాళీ చేసేముందు ఎన్ని రోజుల నోటీసు, మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలి, గడువయ్యాక నెలనెలా పొడిగిస్తే అద్దె ఎంత. 60 రోజుల నోటీసు అక్కడ మామూలు. నేను 20 రోజుల ముందు చెప్పి, ఉండని ఇంటికి అద్దె కట్టాను.

సామాను విషయంలో ఫోన్లో విని అంచనా చెప్పేవాళ్ళని నమ్మకండి. మాకు ఒక కంపెనీ అలాగే చెప్పింది. లారీ టెక్సాస్ చేరాక బరువు ఎక్కువుందని, అడిగినంత కడితేనే దింపుతామంది. అప్పటికి నాకు రూలు తెలీదు, కట్టేశాను. రూలు ఇదీ: అంచనా 'నాన్-బైండింగ్', అంటే తర్వాత మారగలిగేది అయితే, దింపేటప్పుడు ఆ అంచనాలో 110 శాతం కంటే ఎక్కువ అడగకూడదు, మిగతాది తర్వాత బిల్లు వెయ్యాలి. 'బైండింగ్' అయితే రాసిందే. యూఎస్‌డాట్ నంబరు (రవాణా శాఖ దగ్గర ఆ కంపెనీ రిజిస్ట్రేషన్) అడిగి ఫెడరల్ సైట్‌లో చూసుకోండి. ఉచితంగా వచ్చే నష్టపరిహారం పౌనుకి 60 సెంట్లు మాత్రమే. 40 పౌన్ల టీవీ పగిలితే చేతికొచ్చేది 24 డాలర్లు. మధ్యలో ఆరు నెలలు అద్దెకుంటారు కాబట్టి, కంటైనర్ ఇంటి ముందు పెట్టి నింపుకుని, దాన్నే గోడౌన్‌లో ఉంచే పద్ధతి మేలు. రెండుసార్లు ఎక్కించి దించే పని ఉండదు.

వీసా, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళు అడ్రసు మారిన పది రోజుల్లో ఏఆర్-11 అనే ఇమిగ్రేషన్ ఫారం ఆన్‌లైన్లో నింపాలి. అపార్ట్‌మెంట్‌కి ఒకసారి, సొంత ఇంటికి మళ్ళీ ఒకసారి. రెండోది చాలామంది మర్చిపోతారు. టెక్సాస్‌లో బండి రిజిస్ట్రేషన్ 30 రోజుల్లో, డ్రైవింగ్ లైసెన్సు 90 రోజుల్లో మార్చుకోవాలి. కొత్తగా కట్టిన ఇల్లు కొంటే మొదటి ఏడాది ఆస్తిపన్ను చాలాసార్లు ఖాళీ స్థలం లెక్కనే వచ్చి, రెండో ఏడాది ఒక్కసారిగా మీదపడుతుంది. మొదటి బిల్లు చూసి సంబరపడకండి. లైసెన్సు మీద కొత్త అడ్రసు పడగానే, సొంతింటికి ఆస్తిపన్ను తగ్గించే హోమ్‌స్టెడ్ దరఖాస్తు పెట్టండి.

పాస్‌పోర్టులు, ఐ-797లు (వీసా ఆమోదపత్రాలు), బంగారం, పిల్లల టీకా కాగితాలు లారీలో వెయ్యకూడదు, కారులో మీతోనే ఉండాలి. పచ్చళ్ళు లారీవాళ్ళు ముట్టుకోరు. మా ఆవకాయ జాడీ వెనక సీట్లో బెల్టు పెట్టుకుని ఐ-81, ఐ-40 హైవేల మీదుగా మూడు రోజులు ప్రయాణం చేసింది. టెనసీలో గ్యాస్ కొట్టించుకోవడానికి ఆగినప్పుడు పక్క కారాయన కిటికీలోంచి తొంగిచూసి అదేమిటని అడిగాడు. మా వాడు తడుముకోకుండా "అమ్మమ్మ" అన్నాడు.