మురుగునీటి పరీక్షల రంగంలో మా అమ్మాయికి ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి కర్నూలులో బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. మురుగునీటిని పరీక్షించి ఊళ్లో వైరస్ వ్యాప్తిని కనిపెట్టే పని నేర్చుకుంటానంటోంది. ఈ రంగంలో ఉద్యోగాలుంటాయా? – ఒక తండ్రి, కర్నూలు

జవాబు: మీ అమ్మాయి మంచి రంగాన్నే కోరుకుంది. వైరస్ సోకినవారిలో కొందరికి లక్షణాలు ఆలస్యంగా కనబడతాయి, కొందరికి అసలు కనబడవు. అయినా వారి మలంలో వైరస్ ఆనవాళ్లు ఉంటాయి కనుక, ఎవరూ ఆసుపత్రి గడప తొక్కకముందే కాలనీ మురుగు ఆ సంగతి చెబుతుంది. 2013లో ఇజ్రాయెల్‌లో పక్షవాతం కేసు ఒక్కటీ లేకుండానే పోలియో వైరస్ ఇలాగే బయటపడింది. 2020లో హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు నగర మురుగునీటి నుంచే కోవిడ్ వ్యాప్తిని అంచనా వేశారు.

పని మాత్రం ఓపికతో కూడుకున్నది. ఒక్కసారి ముంచి తెచ్చిన సీసా కంటే, 24 గంటలపాటు కొద్దికొద్దిగా తీసి కలిపిన నమూనా నమ్మదగింది. దాన్ని ఐస్ పెట్టెలో ల్యాబుకు చేర్చి, వైరస్‌ను గాఢపరచి, దాని జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏను వేరుచేసి, దాన్ని లక్షల రెట్లు పెంచి గుర్తించే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష చేస్తారు. వాన పడితే మురుగు పలచబడి లెక్క తప్పుతుంది కాబట్టి, మిరప తినేవారి మలంలో ఎప్పుడూ కనిపించే ఒక మిరప మొక్క వైరస్‌ను కూడా కొలిచి, మురుగు ఎంత పలచబడిందో సరిచూస్తారు. భూగర్భ డ్రైనేజీ అన్ని వీధులకూ లేని కర్నూలులో, ఏ కాలువ నీరు ఏ పేటలది అని తేల్చడమే సగం పని. నా దృష్టిలో ఈ రంగంలో అసలైన నేర్పు అదే.

ఈ ఒక్క పని పేరుతో వచ్చే ఉద్యోగాలు తక్కువ, అవీ ఎక్కువగా ప్రాజెక్టు కాలానికే. అందుకే పీసీఆర్, గణాంకశాస్త్రం రెండూ గట్టిగా నేర్చుకోమనండి. అవి రోగనిర్ధారణ ల్యాబుల్లో, టీకా కంపెనీల్లో, నీటి నాణ్యత పరీక్షల్లో కూడా అన్నం పెడతాయి. ఎమ్మెస్సీకి తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని వైరాలజీ విభాగం నా మొదటి సూచన. అనంతపురం, కడప విశ్వవిద్యాలయాల వైపు చూసినా, విద్యార్థుల చేత స్వయంగా పీసీఆర్ చేయిస్తారో లేదో సీనియర్లను అడిగి తెలుసుకోండి. పరిశోధన వైపు వెళ్లాలంటే తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయడం మంచిది.

ఆరోగ్యం గురించి మీకు భయం ఉండడం సహజం. చేతి తొడుగులు, మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి; హెపటైటిస్ టీకాల గురించి డాక్టరును ముందే అడగండి; మ్యాన్‌హోల్‌లోకి దిగడం ఈ ఉద్యోగంలో భాగం కాదు, ఎవరు చెప్పినా దిగకూడదు. ఈ ఏడాది ప్రాజెక్టుకు, అధ్యాపకుల పర్యవేక్షణలో హంద్రీ నది నీటిలో, మలం కలిసిందేమో సూచించే కోలిఫాం బ్యాక్టీరియాను లెక్కించమనండి. కళాశాల ల్యాబులో ఉన్న పరికరాలు అందుకు సరిపోతాయి, నమూనా తీసే క్రమశిక్షణ కూడా అలవడుతుంది.