పంటి ప్రశ్నలు: ఇంప్లాంట్‌లో లేజర్ పని ఎంతవరకు?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. కింది దవడపన్ను తీయించుకుని ఏడాదైంది. ఒక క్లినిక్‌లో 'లేజర్ ఇంప్లాంట్ వేస్తాం, కోత లేదు, కుట్లు లేవు' అని చెప్పి మామూలు కన్నా ఎక్కువ అడుగుతున్నారు. మొత్తం లేజర్‌తోనే చేస్తారా డాక్టరు గారూ?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: చెయ్యరమ్మా. ఎముకలో రంధ్రం చేసేది డ్రిల్లే. ఇంప్లాంట్ అంటే టైటానియం మర. దాని వ్యాసం 4 మి.మీ. అయితే రంధ్రం అంతకన్నా కాస్త సన్నగా ఉండాలి, అప్పుడే మర బిగుతుగా దిగుతుంది. అందుకే 2 మి.మీ. డ్రిల్‌తో మొదలుపెట్టి, సెలైన్ పోస్తూ అంచెలంచెలుగా వెడల్పు చేస్తారు. సెలైన్ ఎందుకంటే, ఎముక 47 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒక్క నిమిషం ఉన్నా దెబ్బతింటుంది, తర్వాత మరను పట్టుకోదు.

కింది దవడలో నరం వెళ్లే కాలువకు కనీసం 2 మి.మీ. ఎడం ఉంచాలి. డ్రిల్ మీద లోతు గీతలుంటాయి, అంతకుమించి దిగకుండా ఆపే స్టాపర్ కూడా తొడగొచ్చు. లేజర్ కిరణం ఎంత లోతుకు పోయిందో చేతికి తెలియదు. ఎర్బియం రకం లేజర్ ఎముకను కొయ్యగలదు, కాదనను. కానీ అది నిదానం, పైగా మరకు సరిపోయేంత కచ్చితమైన గుండ్రటి రంధ్రం దానితో రావడం కష్టం.

కుట్లు పడకపోవడానికి అసలు కారణం చిగురును విప్పకుండా చిన్న కన్నంలోంచి పని చేయడం. ఆ కన్నాన్ని లేజర్‌తో చేసినా, చిగురును గుండ్రంగా కోసే టిష్యూ పంచ్‌తో చేసినా ఒకటే. అయితే ఎముక వెడల్పుగా ఉన్నవాళ్లకే ఈ పద్ధతి. దవడ ఎముకను అన్ని వైపుల నుంచీ చూపే సీబీసీటీ స్కాన్ లేకుండా దిగితే డ్రిల్ ఎముక పక్కగోడను చీల్చుకుని పోయినా పైనుంచి కనపడదు. ఇంకో సంగతి, కొన్ని ఇంప్లాంట్ల మెడ మీద ఫ్యాక్టరీలోనే లేజర్‌తో సన్నని గాడులు చెక్కుతారు, 'లేజర్-లాక్' అలాంటిదే. ఆ అదనపు డబ్బు ఇంప్లాంట్ రకానికా, చిగురు కొయ్యడానికా అని నేరుగా అడగండి.

ప్రశ్న: బీడీఎస్ చేసి ప్రాక్టీస్ పెట్టాను. 940 నానోమీటర్ల డయోడ్ లేజర్ ఉంది. రెండో దశలో కవర్ స్క్రూ మీది చిగురు తీయడానికి వాడొచ్చా?
– ఒక యువ దంతవైద్యుడు, కరీంనగర్

జవాబు: వాడొచ్చు. ఎముక మరను పట్టుకున్నాక, దాని తలకు బిగించిన మూత (కవర్ స్క్రూ) మీది చిగురు తెరవడమే రెండో దశ. ఇంప్లాంట్ చికిత్సలో డయోడ్‌కు బాగా నప్పే పని ఇదే. కానీ లేజర్ పట్టుకునే ముందు ప్రోబ్‌తో (కొలత గీతలున్న సన్నని పుల్ల) గట్టి గులాబీ చిగురు ఎంతుందో కొలవండి. కన్నం చేశాక చెంప వైపు కనీసం 2 మి.మీ. మిగలాలి. మిగలదనుకుంటే లేజర్ పక్కన పెట్టి, బ్లేడుతో కోసి ఆ చిగురును చెంప వైపుకు జరిపి కుట్టండి. లేజర్ కోసినచోట చిగురు ఆవిరైపోతుంది, మళ్లీ జరపడానికి ఏమీ ఉండదు. బ్రష్ ఆనితే నొప్పి, చుట్టూ పాచి అంటూ పేషెంట్లు తిరిగొచ్చేది ఎక్కువగా ఇలాంటి కేసుల్లోనే.

ఎక్స్‌రేలో స్క్రూ చోటు చూసుకుని మత్తు ఇవ్వండి. 300 లేదా 400 మైక్రాన్ల టిప్ కొసను ఆర్టిక్యులేటింగ్ పేపర్‌కు (పళ్లు ఎక్కడ తగులుతున్నాయో చూసే రంగు కాగితం) ఆనించి నల్లబరచండి. అలా చెయ్యకపోతే టిప్ కొయ్యదు, వేడి లోపలికి పోతుంది. 1 వాట్‌తో మొదలుపెట్టి, నడిమి నుంచి అంచుకు చిన్న చిన్న గీతలుగా కదలండి. ఒకేచోట ఆపొద్దు. పేరుకున్న మసిని తడి గాజ్ గుడ్డతో తుడవండి, మసి ఉంటే వేడి పెరుగుతుంది. స్క్రూ లోహం మెరుపు కనిపించగానే టిప్‌ను దానికి తగలనివ్వకండి. టైటానియం వేడిని తిన్నగా ఎముకకు చేరుస్తుంది. చల్లబరచడానికి గాలి ఊదొద్దు, కణజాలంలోకి గాలి పోయి బుగ్గ ఉబ్బుతుంది. చిగురు మానేదాకా ఉంచే హీలింగ్ అబట్‌మెంట్ పెట్టి రెండు మూడు వారాలు ఆగాక పన్ను కోసం కొలత తీసుకోండి.

కళ్లద్దాలు 940కి తగినవే కావాలి, పేషెంటుకూ అసిస్టెంటుకూ కూడా. పొగ కోసం సక్షన్ దగ్గరే ఉండాలి.

ప్రశ్న: ఆరేళ్ల నాటి ఇంప్లాంట్ చుట్టూ రక్తం, దుర్వాసన. లేజర్ క్లీనింగ్‌తో తగ్గుతుందంటున్నారు.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు ఎక్స్‌రే తీయించి పాతదానితో పోల్చండి. ఎముక తగ్గకపోతే అది చిగురు వాపు, శుభ్రం చేస్తే కుదురుకుంటుంది. ఎముక కరిగి ఉంటే వైద్యం వేరు. రెండింటిలోనూ మొదటి పని చేత్తో చేసే శుభ్రతే. క్యాప్ కింద మిగిలిపోయిన సిమెంట్ ఉందేమో వెతకాలి, గీకి తీసే టైటానియం క్యూరెట్‌తో గానీ గ్లైసిన్ పొడి జెట్‌తో గానీ పాచి తీయాలి. దానికి తోడుగా నీటి స్ప్రేతో, తక్కువ శక్తితో ఎర్బియం లేజర్ వాడొచ్చు. ఎన్‌డి:యాగ్ రకం లేజర్ మాత్రం వద్దు, దాని వేడికి టైటానియం ఉపరితలం కరుగుతుంది. ఏ లేజరూ పోయిన ఎముకను తిరిగి తీసుకురాదు. పొగతాగడం, అదుపు లేని షుగర్ ఉంటే లేజర్ కన్నా ముందు వాటి సంగతి చూడాలి.

ప్రశ్న: మా నాన్నగారికి స్టెంట్ వేశారు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. లేజర్ కాబట్టి రక్తస్రావం భయం ఉండదా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: లేజర్ చిగురులోని సన్నని రక్తనాళాలను మూస్తుంది. డ్రిల్ వేసిన ఎముకలోంచి వచ్చే రక్తాన్ని ఆపదు, దానికి గాజ్ గుడ్డ ఒత్తడం, కుట్టు కావాలి. మందులు మీ అంతట మీరు మానిపించకండి. స్టెంట్ మూసుకుపోతే ప్రాణాపాయం, పంటి రక్తం అంత ప్రమాదం కాదు. గుండె డాక్టరు చీటీ తీసుకుని, ఉదయం పూట ఒకటో రెండో ఇంప్లాంట్లు మాత్రమే వేయించండి.

ప్రశ్న: నెల రోజుల సెలవుపై హైదరాబాద్ వస్తున్నాం. లేజర్‌తో చేయిస్తే పన్ను కూడా పెట్టించుకుని వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఎముక మరను పట్టుకోవడానికి సాధారణంగా కింది దవడలో రెండు మూడు నెలలు, పై దవడలో అంతకన్నా ఎక్కువ పడుతుంది. లేజర్ వల్ల ఈ గడువు తగ్గుతుందని గట్టిగా రుజువు కాలేదు. కొన్నిచోట్ల వెంటనే తాత్కాలిక పన్ను పెడతారు గానీ, దాంతో నమలకూడదు. రెండు ప్రయాణాలకు సిద్ధపడండి. రెండో దశ అక్కడే చేయించుకోదలిస్తే ఇంప్లాంట్ కంపెనీ, మోడల్, వ్యాసం, పొడవు, లాట్ నంబర్ ఉన్న కార్డు అడిగి తీసుకోండి. కంపెనీని బట్టి స్క్రూడ్రైవర్ మారుతుంది, అది తెలియకుంటే అక్కడి డాక్టరు స్క్రూ విప్పలేరు.